ఎడమది నోటికి, కుడిది మంటకి

జూన్ ఇరవై మూడు సాయంత్రం నడివేసవి పండగకి సాంక్ట్ హాన్స్ మంట వేస్తారు. ఆ మంట అంటుకునే లోపల సంఘం ఒక్కొక్కరికీ ఒక్కో జాగా ఇచ్చే మా తోటల కాలనీలో మొక్కల కంచెలన్నీ కత్తిరించి ఉండాలి. ఇది నియమాల పుస్తకంలో ఉంది గానీ, లేకపోయినా ఎవరూ తప్పరు. మా వాళ్ళు పెళ్ళాన్ని వదిలేసినవాణ్ణి కూడా ఏడాది తిరిగేసరికి కాఫీకి పిలుస్తారు. సాంక్ట్ హాన్స్ నాటికి కంచె గుబురుగా ఉన్నవాణ్ణి మాత్రం చూసీ చూడనట్టు పక్కదారిన పోతారు. మా బుద్ధులు అలాంటివి.

ఆ ఏడు జూన్ పది దాటినా డాగ్ని స్కౌబో తోట చుట్టూ ఉన్న బీచ్ చెట్ల కంచె గుబురుగానే ఉంది. ఏటా అందరికన్నా ముందు తాడు కట్టి, కొలిచి కత్తిరించే మనిషి ఆమె. దారిన పోయేవాళ్ళు ఒక్క క్షణం ఆగి చూసి, ముసలితనం అనుకుని వెళ్ళిపోయారు. డెబ్భై మూడేళ్ళ మనిషి గురించి అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ నడుముకి గానీ చేతులకి గానీ ఆమెకి ఏ లోటూ రాలేదు. ఆమెకి చూపు పోతోంది. ఆ సంగతి ఆమెకీ, పట్నంలో ఉన్న కంటి డాక్టరుకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

"మధ్యలోది పోతుంది, అంచులు మిగులుతాయి," అన్నాడు డాక్టరు రెండేళ్ళ కిందట. అన్నట్టే అయింది. ఎదుటి మనిషి టోపీ కనిపిస్తుంది, బూట్లు కనిపిస్తాయి. మొహం ఉండాల్సిన చోట తడి వేలితో చెరిపేసినట్టు ఒక మరక. ఏ వస్తువు కేసి సూటిగా చూస్తే ఆ వస్తువే మాయమవుతుంది. పక్కకి చూస్తే కాసేపు ఉంటుంది. ఇంత అన్యాయపు జబ్బు ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళకి మనుషుల మీద మంచి కసి ఉండి ఉంటుంది.

అందులోనూ డాగ్నికి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆమె విత్తనాల గిడ్డంగిలో పనిచేసింది. కదిలే పట్టా మీద బఠానీ గింజలు వాగులా పారుతుంటే అందులోంచి పుచ్చు గింజని, పురుగు గింజని, ఇంకో రకం గింజని వేలితో ఎగరగొట్టడం ఆమె పని. కొత్తవాళ్ళు ఇద్దరు చేసే పని ఆమె ఒక్కతే చేసేది, పైగా పాటలు పాడుతూ. మేస్త్రీ ఆమెకి డేగకళ్ళు అని పేరు పెట్టాడు. గిడ్డంగి మూతపడి పన్నెండేళ్ళయినా కాలనీలో ఆ పేరు పోలేదు. "ఇది క్యారెట్ మొలకా, కలుపా? డేగకళ్ళని అడుగు," అంటారు ఇప్పటికీ. అడిగినప్పుడల్లా ఆమె ఆ మొలకని గిల్లి, ముక్కు దగ్గర పెట్టుకుని, అప్పుడు జవాబు చెబుతుంది. పెద్దావిడ చాదస్తం అనుకుంటారు వాళ్ళు.

ఎందుకు దాచిందంటే, తోట కోసం. తోటని చూసుకోలేనివాళ్ళకి సంఘం మొదట ఒక ఉత్తరం రాస్తుంది. నెల తర్వాత రెండోది. ఆ తర్వాత ఎన్నేళ్ళుగానో వరసలో నిలబడ్డ అరవై మందిలో మొదటివాడికి తాళంచెవి వెళ్ళిపోతుంది. అంతకు ముందు ఏడు ఆక్సెల్ అనే ఆయన నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆగస్టుకి తోటలో గడ్డి మోకాలెత్తు. సెప్టెంబరుకి తోట లేదు. ఆక్సెల్ ఆ క్రిస్మస్ చూడలేదు. గుండె అన్నారు ఆసుపత్రిలో. డాగ్ని మాత్రం తోట అంది. ఆమె భర్త విగ్గో పోయి తొమ్మిదేళ్ళు, పిల్లలు లేరు, పట్నంలో ఉన్నది మూడో అంతస్తులో రెండు గదులు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆమె బతికేది ఈ జాగాలోని చెక్క గదిలోనే. మిగతా అయిదు నెలలూ ఏప్రిల్ కోసం ఎదురు చూడటమే.

కాబట్టి ఆమె తోటని వేళ్ళతో, ముక్కుతో నడపడం నేర్చుకుంది. ప్రతి సాలుకీ తాడు కట్టి, తాడుకి ముడులు వేసింది. ఒక ముడి క్యారెట్, రెండు ముడులు బీట్‌రూట్, మూడు ముడులు ఉల్లి. జూన్‌లో చేయవలసిన పని ఏదీ ఆపలేదు. కొత్త బంగాళాదుంపలు తవ్వుకున్న చోట ఆ సాయంత్రమే చలికాలపు ఆకుకూర కేల్ నారు నాటింది. రెండో దఫా క్యారెట్ చల్లింది, ఇప్పుడు చల్లితే ఈగ పోటు తప్పుతుంది. చిక్కుడు పందిరి నీడలో పాలకూర వేసింది. పుల్లటి రూబార్బ్ కాడలు ఆఖరిసారి లాగింది, ఎందుకంటే సాంక్ట్ హాన్స్ తర్వాత లాగితే వేరు నీరసించి వచ్చే ఏడు మొహం చూపదు. టమాటా పక్కచిగుళ్ళు గిల్లింది. అది కళ్ళు మూసుకునైనా చేయగల పని, చేతినిండా ఆ పచ్చి వాసన అంటుకుంటుంది.

ఇవన్నీ అయ్యాక, గది గోడవారన ఒక చెక్క పళ్ళెంలో పూలవిత్తనాలు చల్లింది. గుత్తులుగా పూసే నెల్లికె, మనిషెత్తు పెరిగే స్టోక్‌రోజా. ఇవి ఈ ఏడు పూసేవి కావు. నడివేసవిలో చల్లితే చలికాలమంతా ఆకులతో నేలకి అంటుకుని పడుకుని, వచ్చే జూన్‌కి పూస్తాయి. ఇంత ఓపిక ఉన్న మొక్కల్ని నాటేవాళ్ళకి వచ్చే జూన్ మీద నమ్మకం ఉండాలి. డాగ్ని మట్టిని అరచేత్తో అదిమి, నీళ్ళు చిలకరించి, ఆ పళ్ళేన్ని చాలాసేపు ముట్టుకునే ఉంది. వచ్చే జూన్‌కి వీటిని ఈ తోటలో వాసన చూసేది తనేనా, వరసలో మొదటివాడా అని భయం వేసింది.

*

మంటకి వారం ముందు ఒక పొద్దున ఆమె పాల ప్యాకెట్టుతో గేటు దారిన వస్తోంది. ఉమ్మడి పచ్చిక దగ్గర ఎవరో ఆడమనిషి నిలబడి ఉంది. తలకి రుమాలు, కింద దాకా గౌను.

"శుభోదయం," అంది డాగ్ని. ఆ మనిషి పలకలేదు. "ఈ గాలి ఇలాగే ఉంటే మంట వేయనివ్వరేమో," అని మళ్ళీ కదిపింది. అప్పటికీ జవాబు లేదు. పొగరుబోతు మనిషిలా ఉందనుకుని రెండడుగులు ముందుకి వేసింది.

వెనకనుంచి పకపకా నవ్వు వినిపించింది. యూట్టె. సంఘానికి అధ్యక్షురాలు, కాలనీలో అందరికన్నా పెద్ద గొంతు.

"ఏమే డాగ్నీ, మంత్రగత్తెతో మంతనాలా? ఏమంటోంది?"

సాంక్ట్ హాన్స్ మంట మీద కూర్చోబెట్టే గడ్డి మంత్రగత్తె అది. గౌను డాగ్నిదే. పాత బట్టలేమైనా ఉంటే ఇమ్మని అడిగితే తనే తీసి ఇచ్చింది.  డాగ్ని నాలుక తడబడలేదు.

"నా గౌను వేసుకుంది కదా, మర్యాదకి పలకరించాను. నీకన్నా నయమే, మాట మధ్యలో అడ్డం రాలేదు."

"చాల్లే సంబడం! గౌను నీకన్నా దానికే బాగుంది. సరే గానీ, ఇరవై రెండు పొద్దున తనిఖీ. నీ కంచె ఏమిటే అలా ఉంది? నీ గేటు దగ్గర తాక్స్ పొదలు చూడు, నిద్ర లేచిన తలల్లా! పుస్తకం పట్టుకుని వస్తాను, నువ్వని చూడను."

"నన్ను చూడకపోయినా ఫరవాలేదు, కంచె చూడు," అంది డాగ్ని. యూట్టె నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆ నవ్వు పూర్తిగా దూరమయ్యాక డాగ్ని వెనక్కి వచ్చి, గడ్డి బొమ్మ చెయ్యి పట్టుకుని చూసింది. గౌను చేతికున్న బొత్తాం తను కుట్టిందే. తన బట్టల్ని కూడా తను గుర్తుపట్టలేదన్నమాట. 

*

ఆమె తోట వెనక తక్కువ ఎత్తు చెక్కకంచె. దానికి ఆవల ఐనార్ పచ్చిక బయలు. ఐనార్ చుట్టుపక్కల మిగిలిన ఆఖరి రైతు. అతని బయల్లో ఇరవై ఆరేళ్ళ ఆడగుర్రం ఒకటే ఉండేది, నుదుట తెల్ల మచ్చతో. పేరు బ్లిస్. ఏటా మంత్రగత్తెని బండి మీద మంట దాకా లాక్కుపోయేది అదే. కంచెకి ఐనార్ తన చేత్తో రాసిన బోర్డు వేలాడుతూ ఉండేది: "గుర్రానికి ఎవరూ ఏమీ పెట్టకూడదు. డాగ్ని తప్ప."

ఆ రెండు మాటలు ఆమెకి ఇరవై ఏళ్ళనాటి గౌరవం. ఒకసారి ఎవరో పిల్లలు గడ్డిలో పసుపు పూల విషపు మొక్క కలిపి వేయబోతుంటే, తన జాగాలో నిలబడే చూసి కేక పెట్టి ఆపింది. మర్నాడు ఆ బోర్డు వచ్చింది. "నీ కంటిని దాటి నా గుర్రం నోట్లోకి ఏదీ పోదు," అన్నాడు ఐనార్. పెళ్ళాం పోయిన ఏడు అతను ఈమెని నాట్యానికి కూడా పిలిచాడు. "నీ బూట్లకి పేడ వదిలాక రా," అంది డాగ్ని. అతను వదిలించుకునీ రాలేదు, ఆమె ఎదురూ చూడలేదు, కానీ ఆ మాట తలుచుకుని ఇద్దరూ ఏటా నవ్వుకునేవారు.

గేటుకి రెండు పక్కలా ఉన్న తాక్స్ పొదలు విగ్గో నాటినవి. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి. సూదుల్లాంటి ఆకులు, కొత్త చిగురైతే మెత్తగా ఉంటుంది. చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి గానీ ఆకూ కొమ్మా గింజా అంతా విషమే. పశువుకి నాలుగు గుప్పిళ్ళు చాలు, పచ్చిదైనా ఎండుదైనా. అందుకే విగ్గో ఉన్నప్పుడే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒంటిచక్రం బండ్లు రెండు. గేటు లోపల ఎడమవైపు నిలబడేది గుర్రానికి: బఠానీ తీగలు, క్యారెట్ తీసివేతలు, గడ్డి. కుడివైపుది మంటకి. "ఎడమది నోటికి, కుడిది మంటకి," అని విగ్గో పాటలా అనేవాడు. నోటిది ఆకుపచ్చ రంగు, మంటది బూడిద రంగు. ఇప్పుడు ఆమెకి రెండూ ఒకటే. చోటుని బట్టే ఏది ఏదో తెలుస్తుంది.

*

తనిఖీ ఇరవై రెండు. ఇరవైకల్లా తాడు పట్టుకుని, వేళ్ళతో తడుముకుంటూ కంచె మొత్తం కత్తిరించింది. చివర్లో కత్తెర చూపుడువేలుని కూడా కొంచెం కోసింది. పట్టీ కట్టి, దాని మీద తోలు చేతితొడుగు వేసుకుంది. ఇరవై ఒకటి మధ్యాహ్నానికి రెండు తాక్స్ పొదలు మాత్రం మిగిలాయి.

ముందు టమాటాలకి దురదగొండి నీళ్ళు పోద్దామనుకుంది. పది రోజులుగా పీపాలో కుళ్ళిన ఆకుల రసం, మొక్కలకి అమృతం, మనిషికి మాత్రం వాంతి. మూత తీస్తుంటే పీపా ఒరిగి, సగం ఆమె ఒంటి మీద, తొడుగుల మీద పడింది. కుళాయి కింద ఎంత కడుక్కున్నా ముక్కులోంచి ఆ కంపు పోలేదు. తనిఖీ తెల్లారితే. కంపుతోనే వెళ్ళి తాక్స్ పొదల్ని గుండ్రంగా దువ్వినట్టు కత్తిరించి, చిగుళ్ళన్నీ కుడి బండిలో వేసింది. ఎడమ బండిలో పొద్దున పీకిన బఠానీ తీగలు ఉన్నాయి. మళ్ళీ ఒకసారి కుళాయి దగ్గరికి వెళ్ళింది.

ఆ కాసేపట్లో పక్క జాగా మిర్సాద్ దారి ఊడ్చుకుంటూ వచ్చాడు. బస్సు నడిపే మనిషి, బోస్నియాలో పుట్టినవాడు, నిరుడే తోట దొరికింది. రాజుగారికి తప్ప ఎవరికీ మేం వాడని "మీరు" ఆమెకి వాడతాడు. మొదట్లో ఆమెకి నవ్వొచ్చేది, తర్వాత అలవాటైంది.

"మీ గేటు దగ్గర కూడా ఊడ్చేశాను," అని కేకేశాడు. "రేపు మంచి మార్కులు రావాలి మనిద్దరికీ!"

"నీకు వెయ్యేళ్ళు," అంది ఆమె కుళాయి దగ్గరినుంచే.

తుడుచుకుని వచ్చి ఎడమ బండి పిడులు పట్టుకుని వెనక కంచె దాకా తోసింది. బండి తేలిగ్గా అనిపించింది. తీగలు వాడి ఉంటాయి అనుకుంది. అదే సమయానికి గేటు దగ్గర యూట్టె గొంతు.

"రేపటిదాకా ఆగలేక వచ్చానే! అబ్బో, పొదలు బంతుల్లా ఉన్నాయి! డేగకళ్ళకి తిరుగులేదు!"

నలభై అడుగుల దూరంలో యూట్టె చూస్తోంది. డాగ్ని వీపు నిటారుగా పెట్టింది. గుర్రాన్ని పిలిచే బకెట్టుని మూడుసార్లు కొట్టింది. బ్లిస్ గిట్టల చప్పుడు పచ్చిక మీదుగా పరుగున వచ్చింది. మొదటి గుప్పెడు చేత్తో పెట్టడం అలవాటు. తోలు తొడుగుల చేత్తో బండిలోంచి ఒక గుప్పెడు తీసి చాపింది. గుర్రం ముక్కు ఆనించి, ఊపిరి వదిలి, తల తిప్పుకుంది.

"ఏమిటే, నీకూ నా కంపు పడలేదా?" అంది డాగ్ని. మళ్ళీ చాపింది. మళ్ళీ తల తిప్పుకుంది. ఆమె లోపల ఏదో ఒక చిన్న గొంతు, తొడుగు తీసి ముట్టుకుని చూడు అంది. వెనక యూట్టె నిలబడి ఉంది. డేగకళ్ళ మనిషి తన తోటలో పెరిగిన ఆకుని తడిమి చూసుకుంటుందా?

"తిను తల్లీ, తిను. అలిగితే ఎలా," అని మెడ నిమిరింది. మూడోసారి బ్లిస్ పెదవులు తెరిచింది. ఆ నమలే చప్పుడుకి డాగ్ని ప్రాణం కుదుటపడింది. మిగతాది కంచె మీంచి బోర్లించేసింది.

తర్వాత రెండో బండిని మంటకుప్ప దాకా తోసుకెళ్ళి ఖాళీ చేసింది. కుప్ప మీద పడ్డప్పుడు చప్పుడు మెత్తగా, తడిగా వచ్చింది. తాక్స్ రాలితే అలాంటి చప్పుడు రాదు. ఒక్క క్షణం నిలబడింది. అప్పుడే ఎవరో పలకరించారు, ఆ గొంతుని బట్టి మనిషిని పోల్చుకునే పనిలో ఆమె పడిపోయింది.

*

మర్నాడు పొద్దున ఆమెని లేపింది ఐనార్ గొంతు. ఏడుపు కాదు. ఒకే పేరు, మళ్ళీ మళ్ళీ. చెక్కకంచె దగ్గరికి వెళ్ళేసరికి పచ్చికలో పెద్ద గోధుమరంగు దిబ్బ. సూటిగా చూస్తే మాయమైంది. పక్కకి చూస్తే ఉంది.

పశువైద్యురాలు వచ్చి నోరు తెరిచి చూసింది. పళ్ళ మధ్య సూదుల్లాంటి ఆకులు. "తాక్స్," అంది. "ఎక్కువ సేపు బాధపడి ఉండదు. నిలబడ్డవి నిలబడ్డట్టే పడిపోతాయి." ఆ మాట ఐనార్‌ని ఓదార్చడానికి. అతను తల ఊపాడు గానీ విన్నట్టు లేదు. మధ్యాహ్నానికి లారీ వచ్చి తీసుకెళ్ళింది.

కాలనీలో తాక్స్ ఉన్నవి రెండే జాగాలు. డాగ్ని గేటు పొదలు, మిర్సాద్ తోటలో పాత యజమాని వదిలిపోయిన వరస. ఎవరికీ లెక్క కట్టడానికి నిమిషం పట్టలేదు.

"నిన్న నేనే చూశానయ్యా డాగ్ని మేత పెట్టడం," అంది యూట్టె తనిఖీ పుస్తకం ఛాతీకి ఆనించుకుని. "నా కళ్ళతో చూశాను. గుర్రం ఆమె చేతిలోంచి ఎంత ముద్దుగా తిన్నదో! ఆమెకి ఇరవై ఏళ్ళలో ఒక్క ఆకు తేడా రాలేదు. ఇది తెలియనివాడు చేసిన పని. కత్తిరించింది కంచె మీంచి పారేసి ఉంటాడు. బోర్డు చదవడం రాదా?"

మిర్సాద్ టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. "నేను చెత్తపెట్టెలోనే వేశాను," అన్నాడు. "అనుకుంటున్నాను. గాలికి కొంచెం ఎగిరిందేమో. నాకు అది విషమని తెలియదు." అనుకుంటున్నాను అనే ఒక్క మాట అతని కొంప ముంచింది. రేపు మంట దగ్గర అందరి ముందూ చెప్పి ఉత్తరం ఇస్తామంది యూట్టె. డాగ్ని తోటకి ఆ పొద్దున పూర్తి మార్కులు పడ్డాయి.

 తను వేసింది బఠానీ తీగలు, అది డాగ్నికి తెలుసు. ఎడమ బండి. గుర్రం తల తిప్పుకోవడం మాత్రం రాత్రంతా ఆమెని పడుకోనివ్వలేదు. ఇరవై మూడు పొద్దున మిర్సాద్ ఆమె గేటు దగ్గరికి వచ్చాడు.

"మీరొక్కరూ నన్ను ఏమీ అనలేదు," అన్నాడు. "అందుకు వచ్చాను. తోట ఇచ్చేస్తాను, ఉత్తరం దాకా ఎందుకు. మీ తోట దగ్గర పని చేయడం బాగుండేది. మొన్న కూడా మీ బండ్లు పక్కకి లాగి, ఊడ్చి, మళ్ళీ చక్కగా వరసలో పెట్టాను. మీరు సంతోషిస్తారని."

"వరసలో," అంది డాగ్ని.

"ఆ. ఆకుపచ్చది కుడివైపు, బూడిదరంగుది ఎడమవైపు. ఎందుకు?"

"ఏం లేదు," అంది ఆమె. "వెళ్ళి కాఫీ తాగు."

అతను వెళ్ళాక మంటకుప్ప దగ్గరికి నడిచింది. తొడుగులు తీసింది, వేలి పట్టీ కూడా ఊడదీసింది. మొన్న తను బోర్లించిన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టింది. వాడిపోయిన తీగలు, చుట్టలు తిరిగిన కొసలు, అక్కడక్కడా ఒక బోలు కాయ. రొట్టె ముక్కని పోల్చుకున్నంత తేలిగ్గా వేళ్ళు పోల్చుకున్నాయి.  మంట వేస్తే ఈ తీగలు ఉండవు. సాయంత్రం తొమ్మిది దాటితే ఈ భూమి మీద ఎవరికీ తెలియదు. తోట ఉంటుంది, బోర్డు మీద పేరు ఉంటుంది, వచ్చే జూన్‌కి నెల్లికె పూస్తుంది. మిర్సాద్‌కి నలభై రెండేళ్ళు, ఇంకో చోట వరసలో నిలబడతాడు. ఈ లెక్క ఆమెకి ఎంత సులువుగా తేలిందో చూసుకుని ఆమెకే భయం వేసింది.

*

ఎనిమిది గంటలకి ఇంకా ఎండ ఉంది. కాలనీ అంతా పచ్చిక మీద చేరింది. ఈ ఏడు మంత్రగత్తె బండిని నలుగురు మగాళ్ళు లాక్కొచ్చారు. ఎవరూ పాట ఎత్తుకోలేదు. డాగ్ని పాత గౌను తొడుక్కున్న గడ్డి బొమ్మని కుప్ప మీదికి ఎక్కించారు. యూట్టె గొంతు సవరించుకుంది.

"మంటకి ముందు ఒక మాట. పందొమ్మిదో నంబరు, మిర్సాద్ జాగా గురించి..."

"ఆగు యూట్టె," అంది డాగ్ని. "ఐనార్ వచ్చాడా? ఎక్కడున్నాడు?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"నీ ఎదురుగానే ఉన్నాను కదే," అన్నాడు ఐనార్. రెండు చేతుల దూరంలో.

"నాకు కనబడటం లేదు ఐనార్. రెండేళ్ళయింది."  ఆమె గొంతు మొదట సన్నగా వచ్చింది, తర్వాత నిలబడింది. "ఈ మంత్రగత్తెకి శుభోదయం చెప్పి జవాబు కోసం నిలబడ్డాను, యూట్టె సాక్షి. నా బండ్లు చోటుని బట్టి పోల్చుకుంటాను. చోటు మారింది, నాకు తెలియలేదు. చూపున్నవాళ్ళయితే చోటు మారినా రంగు చూసి పోల్చుకునేవాళ్ళు. మిర్సాద్ ఏ పాపమూ ఎరగడు. కుప్పలో ఆ పక్కన చెయ్యి పెట్టండి, బఠానీ తీగలున్నాయి. గుర్రానికి పోవలసినవి. ఉత్తరం నాకు రాయి యూట్టె. పెద్ద అక్షరాలతో రాసినా చదవలేను, చదివి కూడా వినిపించు."

యూట్టె పుస్తకం తెరవలేదు. 

ఐనార్ దగ్గరికి వచ్చాడు. పేడ వాసన, పొగాకు వాసన. ఆ రోజు ఆ పేడ వాసన ఆమెకి గుర్రం వాసనలా తోచింది.

"బకెట్టు కొట్టావా?"

"మూడుసార్లు."

"వచ్చిందా?"

"పరుగెత్తుకుని వచ్చింది."

"వెంటనే తిన్నదా?"

ఇక్కడ ఒక అబద్ధం చెప్పినా ఎవరూ పట్టుకోలేరు. చెబితే అతనికి కూడా కొంచెం తేలిగ్గా ఉండేదేమో. డాగ్ని అతని మొహం ఉండాల్సిన చోటుకి తన మొహం తిప్పింది.

"లేదు. రెండుసార్లు తల తిప్పుకుంది. యూట్టె చూస్తోందని నేనే బతిమాలి తినిపించాను."

అతని ఊపిరి చప్పుడు వినిపించింది.  బూట్ల అడుగులు ఆమెని దాటుకుని వెనక కంచె వైపు వెళ్ళాయి. కాసేపటికి చెక్కలోంచి మేకు ఊడదీసిన చప్పుడు వచ్చింది. మళ్ళీ అడుగులు. మంటకుప్ప మీద ఏదో పలక పడింది. ఎవరో అగ్గి పెట్టారు.

మిర్సాద్ ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు. మోచెయ్యి పట్టుకోలేదు, ఊరికే ఆనించాడు.

"ఏం కాలుతోంది ముందు?" అని అడిగింది డాగ్ని.

"మీ గౌను," అన్నాడు అతను. "తర్వాత బోర్డు."